నిగారింపు తెలుపు సొత్తు కాదు

మేడ్చల్ జిల్లాలోని శామీర్‌పేట చెరువు గట్టున ఉదయమున నిలిచి చూడుడు. గాలి లేనప్పుడు నీటిలో సూర్యుడు ఒకే బింబముగా తళుక్కుమనును. చిరుగాలి వీచినంతనే ఆ బింబము వేయి ముక్కలగును. నీరు మారలేదు, దాని ఉపరితలము మారినది. సౌందర్య ప్రకటనలలో కనుపించు "సహజకాంతి"లోని కిటుకు చాలవరకు ఇదియే.

చర్మముపై పడిన వెలుగులో సుమారు నూటికి 5 వంతులు ఉపరితలము నుండియే మరలును. తక్కినది లోనికి చొచ్చి, కొంత అచ్చటనే ఇంకి, కొంత చెదరి వెలికి వచ్చును. చర్మములోని మెలనిన్ ఇంకు భాగమును పెంచును గాని, పైనుండి మరలు ఆ 5 వంతులను తగ్గింపదు. కనుకనే నల్లని మేనిపై నిగారింపు మరింత స్ఫుటముగా కనబడును. తెల్లబరచెదమని అమ్ము లేపనముల సంగతి వేరు. పాదరసము కలిసిన అట్టి లేపనములు వాడిన కొందరికి మూత్రపిండముల వ్యాధి సోకినట్లు 2023లో కేరళలోని మలప్పురం జిల్లా వైద్యులు గుర్తించిరి.

మేకప్ చేయువారు నుదుటి జిడ్డును టాల్కమ్ పొడితో అణచి, చెక్కిళ్లపై అభ్రకపు పొడి అద్దుదురు. మన గూడూరు అభ్రకమును చేతబట్టి చూచిన విద్యార్థికి కారణము చెప్పనక్కరలేదు: రేకులుగా విడివడిన ప్రతి తునకయు ఒక చిన్న అద్దమే.

ఇక వెండ్రుక. దానిపై పొలుసులు ఇంటి పెంకులవలె ఒకదానిపై నొకటి ఒరిగి, కొసవైపు తిరిగి యుండును. క్షారగుణముగల సబ్బు వానిని లేపగా వెలుగు చెదరును. నూనె ఆ సందులను పూడ్చును. కుంకుడు రసము కొద్దిగా ఆమ్లము గనుక సబ్బువలె వానిని లేపదు. ఒక వెండ్రుకను వ్రేళ్ల నడుమ కుదురు నుండి కొసకు, పిదప కొస నుండి కుదురుకు నిమిరి చూడుడు. రెండవసారి గరుకు తగులును.