డిజైనులను డేటాబేసులో భద్రపరచుట: మా అనుభవము, ఒక మనవి

చేనేత కుటుంబమునకు మగ్గము తరువాత ఆస్తి యేదనిన, డిజైనే. తాతలు గళ్లకాగితముపై గీసిన గ్రాఫు పోయినచో ఆ చీర పోయినట్లే. ఇపుడు కొన్ని సంఘములు ఆ గ్రాఫులను స్కాను చేయించి కంప్యూటరులో ఉంచుచున్నవి. మంచి పనియే. కాని ఆ పనిలో మేము ఒకసారి దెబ్బ తింటిమి. మరి యే సంఘమునకును అట్టి నష్టము రాకూడదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తమిళనాట తరతరములుగా స్థిరపడిన తెలుగు నేతవారి సంఘము మాది. 2014లో సభ్యుల యిండ్లనుండి 63 పాత గ్రాఫులు సేకరించి, స్కాను చేయించి, సభ్యుల రిజిస్టరున్న డేటాబేసులోనే చేర్పించితిమి. ప్రోగ్రాము వ్రాసిన కుర్రవాడు ముందుగా ఒక చిన్న బుటా బొమ్మను లోపల పెట్టి, తిరిగి తీసి చూపినాడు. చక్కగా వచ్చినది. మేమును తృప్తిపడితిమి. మిగిలినవన్నియు ఎక్కించి, స్కాను ఫైళ్లను తుడిచివేసి, కాగితములను ఎవరివి వారికి ఇచ్చివేసితిమి.

మరుసటి యేడు ఒక పెద్ద కొంగు డిజైనుకు ఆర్డరు వచ్చినది. బొమ్మను తెరచి చూడగా పైభాగమే కనబడినది, క్రిందనంతయు బూడిదరంగు. మిగిలినవి తెరచితిమి. చిన్న బొమ్మలు బాగున్నవి. పెద్దవన్నియు అట్లే తెగియున్నవి. వాటి పరిమాణము అడుగగా డేటాబేసు ప్రతిదానికిని ఒకే సంఖ్య చెప్పినది: 65,535 బైట్లు.

గ్రాఫు ఇచ్చిన పెద్దాయన యింటికి పరుగెత్తితిమి. "మీరు భద్రము చేసినారు గదా అని అటకమీద పడవేసితిని, సెక్రటరీగారూ. వానకు తడిసి ముద్దయిపోయినది" అన్నారాయన. మాకు మాట రాలేదు. వారి యింటనే పెట్టెలో నున్న ఒక పాతచీరను పరచి, పోగులు లెక్కించి, ఆ కొంగును తిరిగి గీయించుకొంటిమి. కాగితమును, చీరయు దొరకని తొమ్మిది డిజైనులు మాత్రము నేటికిని లేవు.

ఇది ఎట్లు జరిగినది? రిలేషనల్ డేటాబేసు అనగా వరుసలు, గడులు గల పట్టికల సముదాయము. మన మజూరీ రిజిస్టరు వంటిది. 1970లో ఐబీఎం సంస్థలో పనిచేయుచుండిన ఇ.ఎఫ్. కాడ్ ఈ పద్ధతిని ప్రతిపాదించెను. పేరు, తేదీ, మొత్తము వంటివి మామూలు గడిలో ఇముడును. బొమ్మవంటి పెద్ద ఫైలుకు 'బ్లాబ్' అను ప్రత్యేకపు గడి కలదు. అందులోనిది బొమ్మయో పాటయో డేటాబేసు ఎరుగదు. ఇచ్చిన బైట్లను దాచుటే దాని పని.

మైఎస్‌క్యూఎల్‌లో ఈ గడులు నాలుగు కొలతలవి. టైనీబ్లాబ్‌లో 255 బైట్లు, బ్లాబ్‌లో 65,535, మీడియంబ్లాబ్‌లో 1,67,77,215, లాంగ్‌బ్లాబ్‌లో సుమారు 4 గిగాబైట్లు పట్టును. రెండేసి లక్షల బైట్ల బొమ్మలను మేము రెండవ కొలత గడిలో పెట్టించితిమి. కఠిన నియమము అమలులో లేనిచో అది పట్టినంత ఉంచుకొని, మిగిలినది కత్తిరించి, ఒక హెచ్చరిక మాత్రము పంపును. ఆ హెచ్చరికను మా ప్రోగ్రాము చదువలేదు. 2015లో వచ్చిన 5.7 నుండి కఠిన నియమమే మామూలైనది. పట్టని ఫైలును తప్పు చూపి త్రోసివేయును. మేము రోజూ నకళ్లు తీయుచునే యుంటిమి. తెగిన బొమ్మకు తెగిన నకలే గదా!

కావున ప్రోగ్రాము వ్రాయించునపుడు కొన్ని సంగతులు గమనింపవలెను. ఫైలును అక్షరములుగా గాక బైట్లుగానే తెరువవలెను. ఎస్‌క్యూఎల్ వాక్యములో బొమ్మ బైట్లను అతికింపరాదు. వాటిలో కొటేషను గుర్తుకు సరిపోలు బైటు ఒకటి తగిలినను వాక్యము విరుగును. వాక్యములో చోటు విడిచి, బైట్లను వేరుగా అందింపవలెను. ఒక్కమారుగా పంపగల మొత్తమునకును హద్దు కలదు, మైఎస్‌క్యూఎల్ 8.0 సర్వరులో అది మామూలుగా 64 మెగాబైట్లు. గడి ఎంత పెద్దదైనను ఈ హద్దు దాటిన ఫైలు లోపలికి పోదు. బొమ్మలను వేరు పట్టికలో ఉంచి డిజైను నంబరుతో కలుపుట మేలు. పేర్ల జాబితా కావలసినపుడు బొమ్మలనుకూడ లాగినచో పని నత్తనడక నడచును.

అన్నిటిని డేటాబేసులోనే ఉంచవలెనా? 2006లో రసెల్ సియర్స్, కాథరీన్ వాన్ ఇంగెన్, జిమ్ గ్రే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వరుపై ఇదే పరీక్షించిరి. 256 కిలోబైట్లకు లోపువి డేటాబేసులోను, 1 మెగాబైటు మించినవి విడి ఫైళ్లుగాను ఉండుట మేలని తేల్చిరి. నడుమనున్నవాటికి వాడుకను బట్టి నిర్ణయము. నేటి యంత్రములు వేరు. అయినను దారి చూపుటకు ఈ లెక్క చాలును.

డేటాబేసులో ఉంచినచో సభ్యుని పేరు, బొమ్మ ఒకే లావాదేవీగా చేరును. ఒకటి చేరి మరొకటి తప్పిపోదు. కాని నకలు బరువెక్కును. విడిగా ఉంచినచో నకలు తేలిక. అయితే ఎవరైనను ఫైలును జరిపిన నాడు రిజిస్టరులో పేరే మిగులును, బొమ్మ ఉండదు.

మేము ఇపుడు చిన్న నమూనా బొమ్మను డేటాబేసులో, పెద్ద స్కానును విడి ఫైలుగా ఉంచుచున్నాము. ఫైలు చోటు, పరిమాణము, ఎస్‌హెచ్‌ఏ-256 అను గుర్తు వరుసలో వ్రాయించుచున్నాము. ఒక్క బైటు మారినను ఆ గుర్తు మారును. ఎక్కించిన ప్రతి ఫైలును తిరిగి తీసి, గుర్తు సరిచూచిన పిదపనే పని ముగిసినట్లు లెక్క. రెండు నకళ్లును ఒకే పూట తీసి, వేరొక చోట దాచుచున్నాము.

సెక్రటరీలకు మా మనవి ఒక్కటే. రేపు కార్యాలయము తెరువగనే మీ డిజైనులలో అన్నిటికంటె పెద్దదానిని తీయించి, చివరి గడి వరకు చూడవలెను. చిన్నదానిని చూచి తృప్తిపడుట మేము చేసిన తప్పు. సభ్యులకును మనవి: సంఘము స్కాను చేసినదని మీ కాగితమును అటకమీద పడవేయకుడు. దానిని మించిన నకలు ఇంకను లేదు.