చేతి మీద వాలిన గుడ్లగూబ

బ్రిటన్‌లో వారాంతపు విహారాలలో గుడ్లగూబతో ఒక గంట గడపడం ఇప్పుడు వింతేమీ కాదు. రుసుము చెల్లించిన సందర్శకుడి చేతికి మందపాటి తోలు తొడుగు వేసి, దానిపై చిన్న మాంసపు ముక్క ఉంచుతారు. ఎదుటి కొయ్య మీది పక్షి చప్పుడు చేయకుండా వచ్చి ఆ చేతిపై వాలుతుంది. ఇంటి కప్పుపై గుడ్లగూబ కూస్తే కీడని వింటూ పెరిగిన తెలుగువారికి ఆ క్షణం మరీ అపురూపం. ఏనాటి భయమో పోతుంది, అది మేలే. కాని పక్షి తమను ఇష్టపడి వచ్చిందన్న భావన ఆ భయం ఖాళీ చేసిన చోట చేరుతుంది. దానిని మాత్రం కొంచెం పరిశీలించాలి.

వేటపక్షులను మచ్చిక చేసే విద్య తెలుగువారికి కొత్త కాదు. సాళువం అంటే డేగ. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ వంశం పేరులో ఆ పక్షే ఉంది. ఆ విద్యకు నాడూ నేడూ ఆధారం ఆహారమే. శిక్షకుడు పక్షిని రోజూ తూచి, ఏ బరువు దగ్గర అది ఆరోగ్యంగా ఉంటూనే తిండి కోసం ఎగిరి వస్తుందో గమనించి, మేత ఆ లెక్కన పెడతాడు. ప్రదర్శనకు వాడే గుడ్లగూబలలో చాలా వాటిని పసితనం నుంచి మనుషులే పెంచుతారు. పుట్టిన తొలి రోజుల్లో ఎదురుగా కదిలినదాన్నే పక్షిపిల్ల తన జాతిగా గుర్తుపెట్టుకుంటుందని కొన్రాడ్ లోరెంజ్ 1935లో పెద్దబాతు పిల్లలను పరిశీలించి వివరించాడు. అలా పెరిగిన గుడ్లగూబ మనిషికి బెదరదు, కాని అడవిలో తనంతట తాను బతకడం దానికి దాదాపు అసాధ్యం.

సందర్శకులను అబ్బురపరిచే దేహనిర్మాణమే ఆ పక్షిని ఇబ్బందికి కూడా గురిచేస్తుంది. గుడ్లగూబ కళ్ళు గోళాలు కావు, గొట్టాల వంటివి, గుంతలలో కదలవు. అందుకే తలనే సుమారు 270 డిగ్రీల వరకు తిప్పుతుంది. మనిషి మెడలో 7 వెన్నుపూసలుంటే దాని మెడలో 14 ఉంటాయి. మనిషి మెడ ఒక్కసారిగా మెలిపడితే మెదడుకు వెళ్ళే ధమని చీలి పక్షవాతం రావచ్చు. గుడ్లగూబలో ఆ ధమని సాగే ఎముక రంధ్రం ధమని కంటే దాదాపు పది రెట్లు వెడల్పుగా ఉంటుందని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2013లో చూపారు.

బ్రిటన్ పొలాల్లో తిరిగే తెల్ల గుడ్లగూబ చెవులలో ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి. శబ్దం ఒక చెవిని చేరడానికీ రెండవదాన్ని చేరడానికీ నడుమ ఉండే సూక్ష్మమైన తేడాలను బట్టి, చీకటిలో గడ్డి కింద కదిలే ఎలుకను కూడా అది పట్టగలదు. అంత సున్నితమైన చెవికి పిల్లల కేకలు, పెళ్ళి విందులోని లౌడ్ స్పీకర్లు ఎలా వినిపిస్తాయో ఊహించవచ్చు. అయినా పక్షి కదలకుండా కూర్చుంటుంది. దానిని ప్రశాంతత అనుకోవడం పొరపాటు కావచ్చు. పగటి వేళ చెట్టు మానుకు ఆనుకొని నిశ్చలంగా ఉండడం గుడ్లగూబకు పుట్టుకతో వచ్చిన ఆత్మరక్షణ. ఒళ్ళు సన్నగా నిక్కించడం, నోరు తెరిచి రొప్పడం, చేతిపై నుంచి పదేపదే ఎగిరిపడడం ఒత్తిడికి గుర్తులు.

బ్రిటన్‌లో దీనికి కొంత చట్టబద్ధమైన కాపుదల ఉంది. ఏడాదిలో 7 రోజులు, అంతకు మించి వన్యప్రాణులను ప్రజలకు చూపే సంస్థలకు 1981 నాటి జంతుప్రదర్శనశాలల చట్టం కింద లైసెన్సు, తనిఖీ తప్పవు. ఊరూరా పక్షులను తిప్పి చూపేవారు ఇంగ్లండులో 2018 నిబంధనల ప్రకారం అనుమతి పొందాలి. కాని లైసెన్సు కనీస ప్రమాణానికే హామీ. మిగతాది టికెట్టు కొనేవారి విచక్షణ.

ఆ టికెట్టు డబ్బు ఎంత దూరం ప్రయాణించగలదో గ్లోస్టర్‌షైర్‌లోని న్యూవెంట్ కేంద్రం చెబుతుంది. 1967లో ఫిలిప్ గ్లేజియర్ డేగవేట కేంద్రంగా ప్రారంభించిన ఈ సంస్థ నేడు అంతర్జాతీయ వేటపక్షుల కేంద్రం. దక్షిణాసియా రాబందుల రక్షణకు 2011లో ఏర్పడిన కూటమిలో ఇదీ భాగస్వామి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాటి కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తోందని 2004లో నిర్ధారణ అయింది. అప్పటికే భారతదేశంలో తెల్లవీపు రాబందు అంతరించిపోయే స్థితికి చేరింది. పశువైద్యంలో ఆ మందును భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. ఆండోవర్ సమీపంలోని హాక్ కన్సర్వెన్సీ ట్రస్టు గాయపడిన వేటపక్షులకు ఆసుపత్రి నడుపుతోంది. ఇటువంటి చోట్ల ప్రదర్శన చాలావరకు వైద్యానికి, పరిశోధనకు ఆదరవు సమకూర్చే మార్గం.

కాబట్టి పిల్లలను తీసుకువెళ్ళే ముందు కొన్ని ప్రశ్నలు అడగడం మంచిది. ఒక్కో పక్షిని రోజుకు ఎంతసేపు చేతులు మారుస్తారు? అలసినప్పుడు జనానికి కనబడకుండా తప్పుకునే చోటు దానికి ఉందా? ఈకలను నిమరనిస్తారా, వారిస్తారా? గాయపడిన పక్షులకు చికిత్స చేసి తిరిగి వదులుతారా? వీటికి విసుక్కోకుండా జవాబిచ్చే కేంద్రంలో, పక్షి చేతి మీద వాలకుండా తన మానాన తాను ఎగిరిపోయిన రోజున కూడా పిల్లలు నేర్చుకునేది ఎంతో ఉంటుంది.