సైలెన్సర్ మార్చాక డైనో ఎక్కించాలా?

బోధన్ రోడ్డు మీద బుల్లెట్ కనబడక ముందే వినబడుతుంది. జానకంపేట దాటి ఎడపల్లి వైపు పోతుంటే వెనక నుంచి వచ్చే ఆ మోత కంపెనీ సైలెన్సర్‌ది కాదని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఇందోరీనో, పంజాబ్ సైలెన్సరో బిగించి ఉంటారు. బిగించిన మర్నాటి నుంచే కొత్త చర్చ మొదలు: "ఇగ డైనో మీద ట్యూనింగ్ చేపియ్యాలె అన్నా, లేకుంటే పికప్ రాదు." యూట్యూబ్ పుణ్యమా అని డైనో అనే మాట నిజామాబాద్ మెకానిక్ షాపుల దాకా వచ్చేసింది. ఆ వెంటే అపోహలూ వచ్చాయి.

అపోహ: డైనో ఎక్కిస్తే పవర్ పెరుగుతుంది

చెరుకు ట్రాక్టరును కాటా ఎక్కించినంత మాత్రాన చెరుకు బరువు పెరగదు. డైనో పనీ అంతే, కొలవడం. వెనక చక్రాన్ని రోలర్ మీద పెట్టి, ఒకే గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత టార్క్ వస్తోందో చూస్తారు. సైలెన్సర్ మూతిలో సెన్సర్ పెట్టి పెట్రోలు, గాలి ఏ పాళ్లలో కాలుతున్నాయో కూడా చూస్తారు. పెరిగేదేమైనా ఉంటే ఆ తర్వాత చేసే పని వల్లే: కార్బ్యురేటర్ బండిలో జెట్లు మార్చడం, ఇంజెక్షన్ బండిలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) లెక్కలు సవరించడం. అవి చేయకుండా దిగిపోతే మీ చేతికి మిగిలేది గ్రాఫు కాగితమే.

ఆ కాగితం చూసి కంగారు పడేవాళ్లూ ఉన్నారు. క్లాసిక్ 350కి కంపెనీ చెప్పే 20.2 బీహెచ్‌పీ ఇంజన్ దగ్గరి లెక్క. చైను, గేర్లు, టైరు మింగగా చక్రం దగ్గర అంతకన్నా తక్కువే కనబడుతుంది. బండి పాడైనట్టు కాదు.

అపోహ: మోత పెరిగిందంటే దమ్ము పెరిగినట్టే

చెవి చేసే మోసం ఇది. లోపలి జాలీ, గొట్టాలు తీసేస్తే చప్పుడు కచ్చితంగా పెరుగుతుంది. టార్క్ కొన్నిసార్లు కింది ఆర్‌పీఎంలో తగ్గుతుంది కూడా. దీనికి మన మెకానిక్‌లు చెప్పే కారణం "బ్యాక్ ప్రెషర్ పోయింది" అని. అదీ సగమే నిజం. వెనక ఒత్తిడి ఏ ఇంజన్‌కూ మేలు చేయదు. పైపులో పొగ అలలుగా పోతుంది. పైపు పొడవు, లావు సరిగ్గా కుదిరితే ఆ అలే సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది, కొత్త గాలికి దారిస్తుంది. లావు పైపు వేస్తే ఆ లెక్క తప్పుతుంది. ఈ అలల మహిమ పూర్తిగా చూడాలంటే పాత ఆర్‌ఎక్స్‌ 100 లాంటి టూ-స్ట్రోక్ బండి చూడాలి. దాని పైపు ఇంజన్‌లో సగం. బుల్లెట్ ఆ జాతి కాదు.

అపోహ: ఇంజెక్షన్ బండి కదా, అదే సర్దుకుంటుంది

దీనికి పూర్తి వ్యతిరేకంగా, "ఇంజెక్షన్ బండికి ట్యూనింగ్ చేయకపోతే ఇంజన్ కాలిపోతుంది" అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. నిజం ఈ రెంటి మధ్యలో ఉంది.

2020లో బీఎస్-6 వచ్చాక బుల్లెట్‌కూ కార్బ్యురేటర్ పోయింది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ పెట్రోలును సర్దుతుంది. నెమ్మదిగా, నిలకడగా పోయేటప్పుడు మాత్రమే. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే చాలా బండ్లలో ఈసీయూ సెన్సర్ మాట పక్కనబెట్టి ఫ్యాక్టరీలో రాసిన లెక్కే పాటిస్తుంది. వెనక డబ్బా ఒక్కటే మార్చి, బెండ్ పైపునూ ఎయిర్ ఫిల్టర్‌నూ ముట్టుకోకపోతే ఆ లెక్క పెద్దగా తప్పదు. డైనో దండగే. బెండ్ పైపు, క్యాటలిటిక్ కన్వర్టర్, ఫిల్టర్ మూడూ మారిస్తే మాత్రం గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. ఇంజన్ వేడెక్కుతుంది. అప్పుడు కొలిచి సవరించడం అవసరం.

చెరుకు సీమకు ఇక్కడో సంబంధం ఉంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది గానీ, దేశంలో చెరుకు రసం, మొలాసిస్ నుంచి కూడా తీసే ఇథనాల్ ఇవాళ ప్రతి బంకులోనూ ఉంది. మామూలు పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిదే చాలు. ఇరవై శాతం కలిపిన పెట్రోలుకు ఆ లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. పాత జెట్లతో నడిచే కార్బ్యురేటర్ బుల్లెట్ పైపు మార్చకముందే ఏడెనిమిది శాతం పెట్రోలు కరువులో ఉందన్నమాట. దానికి డైనో దాకా పోనక్కర్లేదు. ప్లగ్ రంగు చదవగలిగిన మెకానిక్ మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూస్తే చాలావరకు కుదురుతుంది. డైనోకే పోతే ట్యూనర్‌ను "14.7" గురించి కాదు, లాంబ్డా ఎంత ఉందో అడగండి. ఏ పెట్రోలుకైనా లాంబ్డా ఒకటి అంటే సరిగ్గా సరిపోయినట్టు. పూర్తి పవర్‌కు 0.85, 0.9 మధ్య ఉండాలి.

అపోహ: గ్రాఫులో గీత పైకి పోతే డబ్బులు వచ్చినట్టే

మే నెల నిజామాబాద్ ఎండలో, 45 డిగ్రీల దగ్గర, గాలి సాంద్రత 25 డిగ్రీల నాటి కన్నా ఆరు శాతం తక్కువ. డైనో సాఫ్ట్‌వేర్ దీన్ని సరిచేస్తుంది, సరిగ్గా సెట్ చేస్తేనే. టైరులో గాలి, ఇంజన్ వేడి మారినా అంకె మారుతుంది. కాబట్టి అర బీహెచ్‌పీ పెరిగిందంటే ఏమీ పెరగలేదనే అనుకోండి. ముందూ తర్వాతా కొలతలు ఒకే రోజు, ఒకే మెషీన్ మీద తీయాలి.

గీత ఎక్కడ లేచిందో కూడా చూడాలి. ఆ 20.2 బీహెచ్‌పీ 6100 ఆర్‌పీఎం దగ్గరి మాట. చెరుకు ట్రాక్టర్ల వెనకాల పోయే బుల్లెట్‌కు 27 న్యూటన్ మీటర్ల టార్క్ వచ్చే 4000, ఆ కిందా ముఖ్యం. పైన రెండు గుర్రాలు పెరిగి కింద ఒకటి తగ్గితే ఆ ట్యూనింగ్ మన రోడ్డుకు నష్టమే.

అపోహ: ట్యూనింగ్ చేయించిన బండిని పోలీసులు ఏమీ అనరు

మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్‌కు డైనో గ్రాఫుతో పని లేదు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారికే పది వేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్స్ మూడు నెలలు పోతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన బండిని ఎంత చక్కగా ట్యూన్ చేసినా రోడ్డు మీద చెల్లదు. అందుకే కంపెనీ సైలెన్సర్‌ను స్క్రాప్ వాడికి తూకానికి వేయకండి. కొత్తది పోలీసుల రోడ్డు రోలర్ కింద నలిగిన రోజు, లేదా బండి అమ్మే రోజు, మళ్లీ బిగించాల్సింది దాన్నే.