గడువు దాటిన మధ్యవర్తి

కౌలు ఎంత ఉండాలి? ఈ మాట దగ్గరే భూమి యజమానికీ కౌలుదారుకీ తగవు వస్తుంది. ఇంగ్లండు దేశంలో కూడా ఈ తగవు ఉంది. అక్కడా, దాని పక్కనున్న వేల్సులోనూ చాలామంది రైతులు కౌలు భూమి సాగు చేస్తారు. 1995 సెప్టెంబరు 1కి ముందు మొదలైన కౌళ్లకు మామూలుగా 1986 చట్టం వర్తిస్తుంది. ఆ తర్వాతి కౌళ్లకు వేరే చట్టం ఉంది.

మధ్యవర్తి ఎవరు?

పాత కౌళ్లలో కౌలు మొత్తాన్ని మామూలుగా 3 ఏళ్లకు ఒకసారి మార్చుకోవచ్చు. పెంచమని యజమాని అడగవచ్చు. తగ్గించమని కౌలుదారూ అడగవచ్చు. మాట కుదిరితే సరే. కుదరకపోతే మధ్యవర్తి తేలుస్తాడు. ఇద్దరికీ నచ్చిన మనిషిని ఇద్దరూ కలిసి పెట్టుకోవచ్చు. అలా కుదరకపోతే సర్వేయర్ల సంఘం అధ్యక్షునికి దరఖాస్తు పెట్టాలి. ఆయన మధ్యవర్తిని నియమిస్తాడు. 2020లో వచ్చిన చట్టం ఇంకో రెండు సంఘాలకు కూడా ఈ అధికారం ఇచ్చింది.

గడువు ఎలా లెక్క పెడతారు?

ముందుగా నోటీసు ఇవ్వాలి. నడుస్తున్న కౌలు సంవత్సరం ముగియాలి. ఆ పైన ఇంకో పూర్తి సంవత్సరం గడవాలి. అప్పుడే కౌలు మారుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కౌలు సంవత్సరం ఏటా సెప్టెంబరు 29న మొదలవుతుంది అనుకోండి. యజమాని 2023 సెప్టెంబరు 1న నోటీసు ఇచ్చాడు. కౌలు మారే తేదీ 2024 సెప్టెంబరు 29. ఆ తేదీ రాకముందే రెండింట్లో ఒకటి జరగాలి. ఇద్దరూ ఒప్పుకుని మధ్యవర్తిని పెట్టుకోవాలి. లేదంటే దరఖాస్తు పెట్టాలి. రెండూ జరగకపోతే ఆ నోటీసు ఇక చెల్లదు. 2024 అక్టోబరు 1న మళ్లీ నోటీసు ఇస్తే కౌలు మారేది 2026 సెప్టెంబరు 29న. కొద్ది రోజుల ఆలస్యానికి 2 ఏళ్లు పోతాయి.

మరి దరఖాస్తు గడువులోగా పెట్టారు, అధ్యక్షుడు మధ్యవర్తిని నవంబరులో నియమించాడు. అప్పుడేమవుతుంది? ఆ నియామకం చెల్లుతుంది. దరఖాస్తు ఏ రోజు పడిందన్నదే లెక్క. ఆఫీసులో జరిగిన ఆలస్యానికి రైతు నష్టపోకూడదు కదా!

కోర్టు ఏం చూస్తుంది?

గడువు దాటాక మధ్యవర్తి వచ్చాడని ఎవరైనా కోర్టుకు వెళ్లవచ్చు. కౌలు ఎక్కువా, తక్కువా అన్నది అక్కడ ప్రశ్న కాదు. తీర్పు చెప్పే అధికారం ఆ మధ్యవర్తికి ఉందా లేదా అన్నదే ప్రశ్న. అధికారం లేకపోతే ఆయన తీర్పు నిలవదు.

దీనికీ గడువు ఉంది. 1996 మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం తీర్పు వచ్చిన 28 రోజుల్లో కోర్టుకు వెళ్లాలి. ఇంకో సంగతి. అభ్యంతరం ఉంటే మొదట్లోనే చెప్పాలి. తెలిసి కూడా నోరు మెదపకుండా విచారణలో కూర్చుని, ఓడిపోయాక అడిగితే ఆ హక్కు పోవచ్చు.

పొలం పోయే ప్రమాదం

కౌలు బాకీ వంటి కారణాలు చూపి, పొలం ఖాళీ చేయమని యజమాని నోటీసు ఇస్తాడు. ఆ కారణం నిజం కాదని కౌలుదారు అంటాడు. అప్పుడు మధ్యవర్తి కావాలని 1 నెలలోగా రాతపూర్వకంగా అడగాలి. అడిగి ఊరుకుంటే చాలదు. ఆ తర్వాత 3 నెలల్లోగా మధ్యవర్తి కుదరాలి, లేదా దరఖాస్తు పడాలి. ఈ గడువులు దాటితే న్యాయం తనవైపు ఉన్నా కౌలుదారు ఆ కారణం తప్పని వాదించలేడు. పొలం చేజారిపోవచ్చు.

అందుకే అక్కడి కౌలుదారులు నోటీసు అందిన రోజే తేదీ రాసిపెట్టుకోవాలి. దరఖాస్తు అందినట్టు రుజువు దాచుకోవాలి. తగవు కోర్టుకు ఎక్కితే మొదట చూసేది ఆ తేదీలనే.