చెక్కను పట్టేదెవరు?

1961లో రాన్ హిక్‌మన్ ఇంగ్లండులోని తన ఇంట్లో బట్టల బీరువా చేసుకుంటున్నాడు. చెక్క ఆనించడానికి ఏదీ కనబడక ఒక కుర్చీ లాక్కున్నాడు. స్వీడన్ నుంచి వచ్చిన ఖరీదైన కుర్చీ అది. రంపం చెక్కతో ఆగలేదు, కుర్చీని కూడా కోసేసింది. ఇలా సొంత సామాను కోసుకున్నవాళ్లకు ఏ దేశంలోనూ కొదవలేదు. మంచం పట్టె మీదో అరుగు అంచునో పెట్టి చెక్క కోసిన ఇళ్లలో ఆ గాట్లు చెరగవు. అయితే హిక్‌మన్ పొట్ట గడిచేది డిజైన్ల మీదే. 1932లో దక్షిణాఫ్రికాలోని గ్రేటౌన్‌లో పుట్టి, ఇంగ్లండు చేరి, ఫోర్డులో పనిచేసి లోటస్ కార్ల కంపెనీకి మారాడు. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్ రూపకల్పన ఆయనదే. ఆ కారు బలమంతా నడిమధ్యన వెన్నెముకలా సాగే ఉక్కు రేకు పెట్టెలో ఉంటుంది. చేత్తో వంచగలిగే రేకునే మడిచి పెట్టెలా మూస్తే వంగనంటుంది, మెలి తిరగనంటుంది. బరువు తగ్గాలి, బిగువు పెరగాలి: లోటస్‌లో నిత్యం వేసే లెక్క ఇదే.

కోతకు రెండు బలాలు కావాలి. ఒకటి రంపాన్ని నడుపుతుంది, రెండోది చెక్కను కదలనివ్వదు. రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. మన వడ్రంగి దాన్ని కాలికి అప్పజెప్పాడు. నేలమీద కూచుని, చెక్కను పాదంతో తొక్కిపట్టి ఉలి నడుపుతాడు. నిలబడి పనిచేసే యూరప్ వడ్రంగికి ఆ వీలు లేదు. అందుకే అతనికి ఇద్దరు ముగ్గురు మోస్తే గానీ కదలని బల్ల, దాని పక్కన చెక్కను బిగించి పట్టే వైసు కావలసి వచ్చాయి. అంత బల్లను అద్దె ఇంట్లో ఎక్కడ పెడతారు?

హిక్‌మన్ బల్లకు వైసు బిగించలేదు, బల్లనే వైసుగా మార్చాడు. పైభాగం రెండు పొడవాటి పలకలు. రెండు చివర్లా రెండు హ్యాండిళ్లు తిప్పితే పలకలు దగ్గరై, మధ్యనున్న చెక్కను తమ పొడవునా కరిచిపడతాయి. హ్యాండిళ్లు దేనికది తిరుగుతాయి కాబట్టి ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా ఉన్న ముక్కనైనా పట్టగలవు. నాకు అన్నిటికన్నా నచ్చింది కింద ఉన్న మెట్టు. తేలికపాటి బల్ల రంపం తోపుకు జరిగిపోతుంది కదా, దాన్ని ఆపడానికి పనివాడు ఒక కాలు ఆ మెట్టు మీద మోపుతాడు. బల్లకు లేని బరువు మనిషి దగ్గర అరువు. మన వడ్రంగి పాదం చేసే పనే ఇది, ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే.

ఇంత తెలివైన వస్తువును మొదట ఏ కంపెనీ తీసుకోలేదు. పనిముట్ల కంపెనీ స్టాన్లీ, ఇది డజన్లలో పోతుందేమో గాని వందల్లో పోదని తేల్చేసింది. బ్లాక్ అండ్ డెకర్ కూడా మొదట వద్దంది. హిక్‌మన్ 1968లో పేటెంటుకు దరఖాస్తు పెట్టి, తనే తయారుచేసి, ప్రదర్శనల్లో తనే అమ్ముకున్నాడు. చూసినవాళ్లు కొంటూ పోయారు. 1972లో బ్లాక్ అండ్ డెకర్ మనసు మార్చుకుంది. ఆ తరవాత ‘వర్క్‌మేట్’ పేరుతో ఆ బల్ల కోట్లలో అమ్ముడైంది. నకళ్లు తీసినవారి మీద ఆయన కోర్టుల్లో గట్టిగానే పోరాడాడు. రాయల్టీలతో జెర్సీ ద్వీపంలో ఇల్లు కట్టుకుని, 2011లో కన్నుమూశాడు.

వర్క్‌మేట్ ఇంటి బల్ల. కట్టడాల దగ్గర పని వేరు. అక్కడ జతగా నిలబెట్టే మడత స్టాండ్లు కావాలి, వాటి మీద ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్లు పేర్చాలి. 18 మిల్లీమీటర్ల షీటు ఒక్కటే సుమారు 35 కిలోలు తూగుతుంది. పది పేరిస్తే 350. అలాగని బరువైన స్టాండే గట్టిదనుకుంటే పొరపాటు. చూడవలసింది బరువు ఏ దారిన నేలకు దిగుతోందన్నది.

కాళ్లు వెడల్పుగా చాపి ఉంటే స్టాండు పడిపోదు. కానీ పైన బరువు పడేకొద్దీ ఆ కాళ్లు ఇంకా విడిపోవాలని చూస్తాయి, తడి స్లాబు మీద మరీను. వాటిని ఆపేది మధ్యనున్న అడ్డపట్టీ. దాని మీద పడేది లాగుడు, లాగే బలానికి సన్నటి పట్టీ అయినా తట్టుకుంటుంది. కాలి సంగతి వేరు. దాన్ని బరువు నొక్కుతుంది, నొక్కుడుకు సన్నటి కడ్డీ విరిగేలోపే పక్కకు వంగిపోతుంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ కట్టిన లెక్క ప్రకారం, కడ్డీని సరిగ్గా సగంలో పక్కకు కదలకుండా పట్టి ఉంచితే నాలుగు రెట్ల బరువు మోస్తుంది. అందుకని కాళ్ల రేకు మందం ఒక్కటే చూస్తే చాలదు. గొట్టంలాగో పెట్టెలాగో మూసి ఉందా, నడుమ కట్టు ఉందా అని చూడాలి.

ఇక మడత దగ్గరి కీలు. మంచి స్టాండు తెరుచుకున్నాక పైకమ్మీ నేరుగా కాళ్ల తలల మీద కూర్చుంటుంది, కీలు మేకుకు అసలు పని ఉండదు. నాసిరకంలో బరువంతా ఆ ఒక్క మేకు మీదే. దుకాణంలో తేల్చుకోవడానికి పైనుంచి నొక్కి లాభం లేదు, పక్కకు ఊపాలి. కీలు దగ్గర కిర్రుమంటూ ఆడితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

డబ్బా మీది అంకెను కూడా ఒక పట్టాన నమ్మకూడదు. అది తరచు జతకు చెప్పినది, సమంగా పరిచి మెల్లగా దించిన బరువుకు చెప్పినది. స్టాండుకు తాకించి ఉన్న షీటును చేతుల్లోంచి ఒక్కసారిగా వదిలినా, క్షణకాలం దాని బరువుకు రెట్టింపు దాకా స్టాండు మీద పడుతుంది. కాస్త ఎత్తునుంచి పడితే ఇంకా ఎక్కువ. వాడబోయే బరువుకు కనీసం రెండింతల అంకె ఉన్నదే తీసుకోవాలని నా లెక్క.

ఎంత మంచి స్టాండైనా కోత పద్ధతి తప్పితే కాపాడలేదు. చెక్క రెండు చివర్లనే ఆనించి నడుమ కోస్తే, అది కుంగి, కోసిన గాడి పైన మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తుంది. కరెంటు రంపమైతే తిరిగి మనిషి మీదికే ఎగురుతుంది. తెగిపడే ముక్క స్టాండ్లకు అవతల వేలాడాలి, లేదంటే కోతకు రెండు పక్కలా ఆధారాలుండాలి. కరెంటు రంపం పళ్లచక్రం ఒక్కోసారి స్టాండులోకీ దిగుతుంది కాబట్టి, పైకమ్మీ మీద మేకులతో మార్చుకోగల చెక్కపట్టీ ఉన్న రకమే కొనాలి. ఇనుప కమ్మీకి తగిలితే పోయేది చక్రం పళ్లు, చెక్కపట్టీ అరిగిపోతే అక్కడ పడున్న ఏ తుక్కు ముక్కయినా దాని చోట కొట్టుకోవచ్చు.