చిన్న బడికి పెద్ద చదువు

మూడేళ్ల బిడ్డకు ఏదైనా నేర్పాలంటే ముందు ఆ బిడ్డను చూడటం రావాలి. వేలూరు, గుడియాత్తం ప్రాంతంలో పసిపిల్లల టీచరు కావాలనుకునే తెలుగమ్మాయిల కోసం ఈ వారం ముఖచిత్ర కథనం.

బళ్లు తెరిచేలోపు రాసివ్వమని సంపాదకులు అడిగింది సూటిగానే ఉంది: నర్సరీ టీచరుకు ఏ కోర్సులున్నాయి, ఎవరు అర్హులు, చేతికెంత వస్తుంది? ఆ వివరాలన్నీ చివరి పెట్టెల్లో సర్దాను. ఎక్కువ చోటు మాత్రం ఒక నోటుపుస్తకానికి ఇస్తున్నాను. ఈ చదువులో ప్రాణం ఉన్నది అక్కడే అనిపించింది.

చిత్తూరు నుంచి పరదరామి మీదుగా వెళ్తే గుడియాత్తం. ఈ దారి పొడవునా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వినిపించే ఇళ్లు ఎన్నో. లుంగీల నేత, అగ్గిపెట్టెలు, బీడీలు ఈ ఊరి బతుకుతెరువు. ఇలాంటి ఊళ్లలో ప్లస్ టూ అయిన ఆడపిల్ల ఉద్యోగం చేస్తానంటే పెద్దవాళ్ల నోట మొదట వచ్చేది చిన్నపిల్లల టీచరు ఉద్యోగమే. ఇంటికి దగ్గర, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండొచ్చు. ఆ వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది: ఏముంది అందులో, పాటలు పాడించి అన్నం పెట్టి పడుకోబెట్టడమేగా అని. నా పేచీ ఆ రెండో మాటతోనే.

పసిపిల్లల టీచరు శిక్షణలో లెసన్ ప్లాన్లు, చార్టులు, పాటల పుస్తకం, బొమ్మల ఆల్బమ్ అన్నీ ఉంటాయి. వీటిని అందంగా తయారుచేస్తే మార్కులు పడతాయి. వాటి పక్కనే పెద్ద అందం లేని ఒక నోటుపుస్తకం ఉంటుంది. అదే పరిశీలన రికార్డు. శిక్షణలో ఉన్న అమ్మాయి ఒక బిడ్డను ఎంచుకుని, కాస్త దూరంగా కూర్చుని, ఆ బిడ్డ ఏం చేసిందో, ఏం అన్నదో చూసింది చూసినట్టు రాయాలి. తేదీ, సమయం, చోటు వేయాలి. మంచి పిల్ల, మొండి పిల్ల, చురుకైనది, మందకొడి లాంటి తీర్పులు రాయకూడదు. నియమం ఇంతే. కానీ దీన్ని పాటించడం ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది. మనకు బిడ్డ కనబడే లోపే తీర్పు నోటికి వచ్చేస్తుంది.

ఒక ఉదాహరణ రాసి చూపిస్తాను. పూసలు గుచ్చే ఆట జరుగుతోంది. చూడటం రాని చేయి ఇలా రాస్తుంది: “పాపకు ఏకాగ్రత లేదు. పూసలు గుచ్చమంటే గుచ్చకుండా లేచి వెళ్లిపోయింది.” చూడటం వచ్చిన చేయి ఇలా రాస్తుంది: “ఉదయం 10.20. పాప పూసల గిన్నె ముందు కూర్చుంది. ఎడమ చేత్తో దారం పట్టుకుంది. దారం కొస వంగిపోతోంది. మూడుసార్లు పూస జారింది. కొసను నోట్లో తడిపి, వేళ్లతో నులిమింది. పూస ఎక్కింది. పక్క పాపకు చూపించింది. మరో రెండు గుచ్చింది. 10.26కు లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.”

బిడ్డ ఒకటే, ఆరు నిమిషాలూ అవే. మొదటి రాత చదివిన టీచరు పాపను మందలిస్తుంది. రెండోది చదివిన టీచరు మర్నాడు దారం కొసకు కాస్త మైనం రాసి ఇస్తుంది. పాప వేళ్లలో పట్టు ఎంత వచ్చిందో, ఓపిక ఎంతసేపు నిలుస్తోందో, తన గెలుపును ఎవరితో పంచుకుంటోందో అన్నీ ఆ చిన్న వాక్యాల్లో ఉన్నాయి. కొస తడిపి నులమడం ఆ పాపకు ఎవరూ బడిలో నేర్పలేదు. నేతగాళ్ల ఇళ్లున్న ఊళ్లో అది ఎక్కడ చూసి ఉంటుందో ఆలోచించగల టీచరుకు, ఆ ఇంటివాళ్లతో మాట్లాడటానికి ఒక దారి కూడా దొరుకుతుంది.

2022 అక్టోబరు 20న విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ నోటుపుస్తకానికి పెద్ద పీట వేసింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు తగవని, వాళ్ల ఎదుగుదలను రోజువారీ పరిశీలనతోనే గుర్తించాలని స్పష్టంగా చెప్పింది. మంచి మాట. అయితే పరీక్ష తీసేసినచోట పరిశీలన రాకపోతే మిగిలేది టీచరు అభిప్రాయమే.

సరిహద్దు ఊళ్లలో ఈ నోటుపుస్తకానికి మరో పని కూడా ఉంది. ఇంట్లో తెలుగు తప్ప వినని మూడేళ్ల బిడ్డను తమిళ అంగన్‌వాడీలో చేర్చారనుకోండి. వారాల తరబడి నోరు విప్పదు. “మాటలు రావు” అని రాసేస్తే ఆ ముద్ర ఒకటో తరగతిదాకా వెంటాడుతుంది. ఓపికగా చూస్తే వేరే సంగతులు బయటపడతాయి. పాట మొదలవగానే చేతులు సరిగ్గానే ఆడిస్తుంది. ప్లేటు తెమ్మంటే తెస్తుంది. ఇసుకలో ఆడేటప్పుడు పక్కింటి పిల్లాడితో తెలుగులో గలగలా మాట్లాడుతుంది. అంటే తమిళం అర్థమవుతోంది, నోటికి రావడానికి ఇంకా సమయం కావాలి, అంతే. కొత్త భాష మధ్య పడిన పిల్లల్లో ఈ మౌనం మామూలు. ఆ మౌనంలో ఏ భాషలో పలకరించాలో తెలిసిన టీచరు బిడ్డకు కొండంత అండ. తెలుగు, తమిళం రెండూ ఇంటి భాషల్లా వచ్చిన గుడియాత్తం అమ్మాయికి ఈ ఉద్యోగంలో ఉన్న బలం ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేనిది. తన అర్హతల్లో ఆమె దీన్ని మొదటి వరుసలో రాసుకోవాలి.

మరి చూడటానికి తీరిక ఏది? అంగన్‌వాడీలో టీచరు ఒక్కరే. బరువులు తూచాలి, రిజిస్టర్లు నింపాలి, ఫోన్‌లో వివరాలు ఎక్కించాలి, గర్భిణుల ఇళ్లకు వెళ్లాలి, టీకాల రోజు అందరినీ పోగుచేయాలి. ఆటపాటలకు మిగిలేది కాస్త సమయం. తమిళనాడులోనే దీన్ని శ్రద్ధగా పరీక్షించి చూశారు. అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్రంలోని నాలుగు జిల్లాల్లో 320 అంగన్‌వాడీలను తీసుకున్నారు. వాటిలో సగం కేంద్రాలకు సగం పూట పనిచేసే మనిషిని ఒకరిని అదనంగా ఇచ్చారు. ఆమె పని పసిపిల్లల చదువు ఒక్కటే. ఆ కేంద్రాల్లో పిల్లలకు నేర్పే సమయం రెట్టింపైంది. భాషలో, లెక్కల్లో పిల్లలు స్పష్టంగా ముందుకు వచ్చారు. పాత టీచరుకు కాస్త ఊపిరి ఆడింది కాబట్టి పోషణ పనీ మెరుగుపడింది, ఎదుగుదల లోపం ఉన్న పిల్లల శాతం తగ్గింది. రాష్ట్ర ప్రభుత్వానికి ఇంతకంటే చవకైన మార్గం చూపించడం కష్టం. నోటుపుస్తకం నింపడం నేర్పి, నింపే తీరిక ఇవ్వకపోతే ఆ శిక్షణ వృథా.

తీరిక తర్వాత గౌరవం. 2019 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం మిడిల్ స్కూళ్ల ఆవరణలో ఉన్న 2,381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ తరగతులు మొదలుపెట్టింది. ప్రభుత్వ బడిలో ఎల్‌కేజీ అనగానే తల్లిదండ్రులు సంతోషించారు. అక్కడికి పంపిన సెకండరీ గ్రేడ్ టీచర్లు మాత్రం తమను కింది మెట్టుకు దించారని భావించి కోర్టుకు వెళ్లారు. వాళ్లను తప్పుపట్టలేను. పిల్లల వయసు తగ్గేకొద్దీ టీచరు హోదా, జీతం తగ్గే ఏర్పాటును మనమే కట్టుకున్నాం. కాలేజీలో పాఠం చెప్పేవారు ప్రొఫెసర్, మూడేళ్ల బిడ్డకు మాట నేర్పేవారు గౌరవ వేతనం పుచ్చుకునే కార్యకర్త. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగి 42 రోజులపాటు రోడ్డు మీద కూర్చున్నది ఈ లెక్క సరిచేయమనే.

ఈ నేలకు చదువుల చరిత్ర లేకపోలేదు. ఉపాధ్యాయ దినోత్సవం ఎవరి పుట్టినరోజో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ చదివినవాటిలో వేలూరు వూర్హీస్ కాలేజీ ఒకటి. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్‌ను శాసనసభకు పంపింది గుడియాత్తం ఉప ఎన్నికే. బడి మధ్యాహ్న భోజనం ఆయన హయాంలో ఊపందుకుంది. 1939లో మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు. 1972లో మీనా స్వామినాథన్ సారథ్యంలోని బృందం పసిపిల్లల విద్యపై కేంద్రానికి నివేదిక ఇచ్చింది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలైంది. 1982లో ఎంజీఆర్ పౌష్టికాహార పథకం అంగన్‌వాడీ పిల్లల ముందూ పళ్లెం పెట్టింది.

ఇందులో మన మదనపల్లె వంతు కూడా ఉంది. రిషి వ్యాలీ విద్యావనరుల కేంద్రంలో వై.ఎ.పద్మనాభరావు, ఎ.రమ చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ బళ్ల కోసం తెలుగులో కార్డులు, అభ్యసన నిచ్చెన తయారుచేశారు. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉందో బిడ్డకే తెలుస్తుంది, టీచరు మధ్యలో కింద కూర్చుంటుంది. చెన్నై కార్పొరేషన్ టీచర్లు దాన్ని చూసి నేర్చుకున్నారు. 2003లో అక్కడ మొదలైన ఆ పద్ధతి కొన్నేళ్లలో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బళ్లన్నిటికీ పాకింది. సరిహద్దు దాటి తెలుగు పల్లె చేసిన మేలు ఇది. చిత్తూరు, వేలూరు జిల్లాల టీచర్లు ఇప్పటికీ ఒకరి బడికి ఒకరు వెళ్లి చూసిరావడానికి అడ్డేమీ లేదు.

సామగ్రి గురించి ఒక్క మాట. ప్లాస్టిక్ బొమ్మల కిట్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఖాళీ అగ్గిపెట్టెలు, నూలు కండెలు, చింతగింజలు గుడియాత్తంలో ఏ వీధిలోనైనా దొరుకుతాయి. అగ్గిపెట్టెలను పేరిస్తే ఎత్తు తెలుస్తుంది, గింజలు నింపితే లెక్క తెలుస్తుంది, ఊపి వింటే ఏది నిండుదో చెవికి తెలుస్తుంది. ఒకప్పుడు ఇదే ప్రాంతంలో పసివేళ్లు బీడీలు చుట్టాయి, అగ్గిపెట్టెలు చేశాయి. అవే పెట్టెలు బిడ్డ చేతిలో ఆటవస్తువు కావడం చూస్తే నాకు చెప్పలేనంత సంతోషం.

పెట్టె 1: ఏ కోర్సు, ఏ ఉద్యోగం?

ప్రీస్కూల్ ఎడ్యుకేషన్ డిప్లొమా (డీపీఎస్‌ఈ): జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనల ప్రకారం రెండేళ్లు. ప్లస్ టూలో 50 శాతం మార్కులుండాలి. పసిపిల్లల టీచరు కోసమే రూపొందించిన కోర్సు ఇది. డీఎల్‌ఈడీ కూడా రెండేళ్లే, కానీ అది ప్రాథమిక విద్య కోసం. ఇగ్నోలో పసిపిల్లల సంరక్షణ, విద్య డిప్లొమాను ప్లస్ టూతో దూరవిద్యలో చేయొచ్చు. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ప్లస్ టూ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలి. కేంద్రం 2023 మేలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ పేరుతో అంగన్‌వాడీ టీచర్ల శిక్షణ ప్రారంభించింది.

వేతనం: ప్రధాన అంగన్‌వాడీ టీచరుకు కేంద్రం 2018 అక్టోబరు నుంచి నిర్ణయించినది నెలకు రూ.4,500. దానికి రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. అంగన్‌వాడీ టీచర్లు, ఆయమ్మలు గ్రాట్యుటీకి అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

జాగ్రత్త: మాంటిస్సోరి అనే పేరు మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా బోర్డు కట్టుకోవచ్చు. పేరు చూసి చేరొద్దు.

పెట్టె 2: వేలూరు పిల్లలు చెప్పిన సంగతి

వేలూరు పేద వీధుల్లో పుట్టిన పిల్లల వెంట క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వైద్యులు పుట్టుక నుంచి ఏళ్ల తరబడి నడిచారు. ఎనిమిది దేశాల్లో సాగిన మాల్-ఎడ్ అధ్యయనంలో ఇది ఒక భాగం. చిన్నప్పుడు మొదలైన ఎదుగుదల లోపం ఐదేళ్లదాకా వీడని పిల్లల్లో ఆలోచనా సామర్థ్యం స్కోరు తగ్గింది. బరువు కార్డు చదవడం, గుడ్డు తినిపించడం పసిపిల్లల టీచరుకు చదువులో భాగమే.

పెట్టె 3: భాష

తమిళనాడులో 2006 చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. కాబట్టి తెలుగింటి బిడ్డకు ఒకటో తరగతి నాటికి తమిళం చెవికి అలవాటై ఉండటం మంచిది. ఆ అలవాటు ఇంటి భాషను నొక్కేసి రాకూడదు. తెలుగు పాట ఒకటి, తమిళ పాట ఒకటి రోజూ పాడితే చాలు.

ఈ ఏడాది ఏదైనా నర్సరీ టీచరు కోర్సులో చేరాలనుకుంటున్నారా? ఫీజు కట్టేముందు ఆ సంస్థవాళ్లను రెండు సంగతులు అడగండి: పిల్లల మధ్య ఎన్ని రోజులు కూర్చోబెడతారు? పాత విద్యార్థుల పరిశీలన రికార్డులు చూపిస్తారా? రెండింటికీ తిన్నగా జవాబు చెప్పని చోట చేరకండి.