పెందలాడే పడుకుంటేనే... పొద్దున్నే పరుగు!

ఒళ్లు వంచాలి. కంటి నిండా నిద్రపోవాలి. రెండూ కావాలని తెలియనివాళ్లు లేరు. కానీ వ్యాయామానికి గంట కావాల్సి వచ్చినప్పుడల్లా మనం చేయిపెట్టేది నిద్ర జేబులోనే. అసలు ఆ గంటను ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి?

అమెరికాలో ఏటా నవంబరు మొదటి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. దాని దెబ్బ మర్నాడు రాత్రి మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో తగులుతుంది. కాలిఫోర్నియాలో ఉదయం పదింటికి మొదలయ్యే మీటింగు అప్పటిదాకా మనకు రాత్రి పదిన్నరకు ఉండేది కాస్తా పదకొండున్నరకు జరుగుతుంది. అది ముగించి, నాలుగు మెయిళ్లకు జవాబులిచ్చి, కాసేపు రీల్స్ చూసి పడుకునేసరికి ఒంటిగంట దాటుతుంది. జిమ్‌లో ఐదున్నర బ్యాచ్ మాత్రం ఎక్కడికీ జరగదు. ఏడాది ఫీజు కట్టేశారు కాబట్టి అలారమూ మారదు. మార్చి రెండో ఆదివారం దాకా ఇదే వరస. మధ్యలో తరిగిపోయేది నిద్రే.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల గోడు మాత్రమే అనుకోనక్కర్లేదు. బట్టల కొట్టు షట్టరు దించి ఇంటికొచ్చి అన్నం తినేసరికి పదకొండయ్యే వ్యాపారిదీ ఇదే కథ. షుగరు వచ్చిందని డాక్టరు నడవమన్నాక ఆయన నాలుగున్నరకే లేచి రోడ్డెక్కుతున్నాడు. ఇక గృహిణి సంగతి సరేసరి. టిఫిన్, పిల్లల క్యారియర్లు, ఎనిమిదింటికి స్కూలు బస్సు... వీటికోసమే ఐదింటికి లేచే మనిషి, వాకింగ్ కోసం ఇంకో ముప్పావుగంట ముందు లేస్తోంది. రాత్రి గిన్నెలు సర్దడం మాత్రం ఒక్క నిమిషం కూడా ముందుకు జరగడం లేదు.

లెక్క చూస్తే తగాదా లేదు

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి వ్యాయామం చేయాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చెమట కారేలా గట్టిగా చేస్తే 75 నిమిషాలైనా సరిపోతుంది. రాత్రికి కనీసం 7 గంటల నిద్ర ఉండాలని అమెరికా నిద్ర వైద్య నిపుణులు 2015లో తేల్చారు.

వారానికి 168 గంటలు. నిద్రకు 49, వ్యాయామానికి రెండున్నర తీసేస్తే ఇంకా 116 గంటల పైచిలుకు మిగులుతుంది. ఉద్యోగం, ప్రయాణం, ఇంటి పని, పిల్లలు అన్నీ పోయినా రోజుకు ఇరవై నిమిషాలు దొరకకపోవడం అరుదు. దొరకనట్టు అనిపించడానికి కారణం వ్యాయామమంటే తెల్లవారుజామునే చేయాలి, చేస్తే గంట చేయాలి అని మనం పెట్టుకున్న నియమం.

అలాగని వ్యాయామం వద్దనే పరిస్థితి మనకు లేదు. 2022 నాటికి మన దేశంలో దాదాపు సగం మంది పెద్దలకు చాలినంత శారీరక శ్రమ లేదని ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ అధ్యయనం లెక్కగట్టింది. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. కదలాల్సిందే. అయితే ఆ కదలిక ఖర్చు నిద్ర ఖాతాలో రాయకూడదు.

నిద్ర కోసుకుంటే ఏం పోతుంది?

బరువు తగ్గాలని పొద్దున్నే లేచేవాళ్లు షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రచురించిన ఓ చిన్న అధ్యయనం గురించి తెలుసుకోవాలి. అధిక బరువున్న పదిమందికి తిండి తగ్గించి, ఓ రెండు వారాలు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు మాత్రమే పక్కమీద ఉండనిచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు మూడు కిలోలకు అటూ ఇటూగా ఒకటే. హాయిగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు. నిద్ర కోసినప్పుడు 0.6 కిలోలే. మిగిలిందంతా కొవ్వు కానిది... అంటే కండ లాంటివి. త్రాసు ముల్లు చూస్తే రెండుసార్లూ సంతోషమే, కానీ నిద్ర కోసినప్పుడు దాచుకోవాల్సింది పోగొట్టుకున్నారు.

రాత్రి తొలి భాగంలో గాఢ నిద్ర ఎక్కువ. ఒంటికి మరమ్మతు చేసే గ్రోత్ హార్మోన్ పెద్దమొత్తంలో విడుదలయ్యేది అప్పుడే. కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. జ్ఞాపకాలను, ఉద్వేగాలను చక్కబెట్టడంలో దానికి పెద్ద పాత్రే ఉంది. ఒంటిగంటకు పడుకుని ఐదింటికి లేచేవాళ్లు ఆ రెండో వాటాలో ఎక్కువ భాగాన్ని చేజేతులా వదులుకుంటున్నారు. పొద్దున్న పరుగెత్తి వచ్చి పిల్లల మీద విసుక్కోవడానికి ఇదీ ఓ కారణం కావచ్చు.

‘నాకు ఐదారు గంటలు చాలు, అలవాటైపోయింది’ అంటారు చాలామంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్షల ఫలితాలు 2003లో వెలువడ్డాయి. వరసగా 14 రాత్రులు ఆరు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రపోయినవాళ్ల చురుకుదనం, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవాళ్ల స్థాయికి పడిపోయింది. విచిత్రమేమిటంటే తాము అంతగా మందగించామని వాళ్లకు తెలియనే లేదు. అలాంటి స్థితిలో బరువులెత్తడం, పొద్దున్నే హైవే పక్కన సైకిల్ తొక్కడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

బ్రిటన్‌లో యాభై ఏళ్లు దాటిన దాదాపు 9 వేల మందిని పదేళ్లపాటు గమనించిన అధ్యయనం 2023లో వచ్చింది. బాగా వ్యాయామం చేసేవాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మొదట్లో మెరుగ్గానే ఉన్నాయి. యాభైల్లో, అరవైల్లో ఉండి ఆరు గంటలైనా నిద్రపోనివాళ్లలో మాత్రం పదేళ్లు తిరిగేసరికి ఆ మెరుగు కరిగిపోయింది. వ్యాయామం చేయనివాళ్లతో సమానమయ్యారు.

ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగ హృదయంలో వాగ్భటుడు అతి చేస్తే చెరుపు చేసేవాటిని వరసగా చెబుతూ వ్యాయామాన్ని, జాగారాన్ని పక్కపక్కనే పెట్టాడు. బలంలో సగం ఖర్చయ్యేదాకానే వ్యాయామం చేయమన్నాడు. అతినీ, జాగారాన్నీ కలిపి ఒకే రోజులో ఇరికించడం మాత్రం మన కాలం ప్రత్యేకత.

ఛాంపియన్ల నాలుగున్నర

‘గోపీచంద్ అకాడమీలో నాలుగున్నరకే ప్రాక్టీసు మొదలవుతుంది తెలుసా!’ అని పిల్లల్ని దుప్పటి లాగి లేపే తల్లిదండ్రులున్నారు. ఆ మాట నిజమే. కానీ ఆటగాళ్ల నిద్ర వేళ సంగతి ఎవరూ అడగరు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు పీవీ సింధు చేతిలో ఫోన్ లేకుండా చూశానని పతకం వచ్చాక గోపీచందే చెప్పారు. ఉద్దేశం ఏకాగ్రతే అయినా, ఫోన్ లేని రాత్రి ఎంత త్వరగా ముగుస్తుందో మనకూ తెలుసు. తెల్లవారుజామున లేచే అలవాటును అనుకరించేవాళ్లు ముందు ఆ రాత్రిని అనుకరించాలి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టులో 11 మందిని ఐదు నుంచి ఏడు వారాలపాటు రాత్రికి పది గంటలు పక్కమీద ఉండేలా చేశారు. 16.2 సెకన్లలో పూర్తిచేసే పరుగు 15.5కి దిగింది. బుట్టలో బంతి వేసే కచ్చితత్వం 9 శాతం పెరిగింది. ఈ ఫలితాలు 2011లో వెలువడ్డాయి.

సాయంత్రం చేస్తే నిద్ర పట్టదా?

ఈ భయంతోనే చాలామంది సాయంత్రాన్ని వదిలేస్తున్నారు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించి స్విట్జర్లాండ్ పరిశోధకులు 2019లో ఇచ్చిన జవాబు ఊరట కలిగించేదే. సాయంత్రం వ్యాయామం చేస్తే నిద్ర చెడదు, గాఢ నిద్ర కాస్త పెరుగుతుంది కూడా. పడుకునే ముందు గంటలోపు ఒళ్లు హూనమయ్యేలా చేస్తేనే ఇబ్బంది. నిద్ర పట్టాలంటే శరీరం లోపలి వేడి తగ్గాలి, గుండె వేగం నెమ్మదించాలి. వాటికి కొంత వ్యవధి ఇవ్వాలి.

రాత్రి ఎనిమిదింటి బ్యాచ్‌కు వెళ్లేవాళ్ల నిద్ర చెడగొట్టేది తరచూ జిమ్ బ్యాగులోని డబ్బానే. వ్యాయామానికి ముందు నీళ్లలో కలుపుకుని తాగే ‘ప్రీ వర్కౌట్’ పొడుల్లో చాలావాటిలో చెంచాకు 150 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రెండు మూడు కప్పుల కాఫీ తాగినట్టే. ఒంట్లో అందులో సగం కరగడానికే దాదాపు ఐదారు గంటలు పడుతుంది. ఎనిమిదింటికి తాగినదాంట్లో సగం రాత్రి ఒంటిగంటకూ మేలుకునే ఉంటుంది.

ఎవరికి ఏ వేళ?

రాత్రి మీటింగులున్నవారు: పొద్దుటి బ్యాచ్ మానేసి, సాయంత్రం ఆరు, ఏడు మధ్య అరగంట చూసుకోవాలి. ఆ తర్వాత భోజనం, ఆ తర్వాతే మీటింగు. నవంబరులో మీటింగు గంట ఆలస్యమైతే అలారమూ గంట జరగాలి.

గృహిణులు: పిల్లల బస్సు వెళ్లిన తర్వాతి అరగంటను ఎవరికీ ఇవ్వకూడదు. తెల్లవారుజామునే వీలవుతుందంటే రాత్రి గిన్నెలు, మర్నాటి కూరగాయలు తరగడం ఇంట్లో మరొకరు అందుకోవాలి. ఆవిడ నిద్ర ఇంటిల్లిపాది బాధ్యత.

నైట్ షిఫ్టు వాళ్లు: డ్యూటీ దిగి నేరుగా జిమ్‌కు వెళ్లకూడదు. ఇంటికొచ్చి, మందపాటి కర్టెన్లు వేసుకుని ముందు నిద్ర. లేచాక, డ్యూటీకి వెళ్లేలోపు వ్యాయామం.

వాకర్లు: హైదరాబాద్‌లో జూన్ మొదట్లో 5.40కే సూర్యోదయం, జనవరి చివర్లో 6.50కి. ఎండలు మండే నెలల్లో పెందలాడే వెళ్లడం తప్పదు. చలికాలంలో అదే వేళకు చీకట్లో నడిచే అవసరం లేదు. పొద్దుటి వెలుగు కంట్లో పడితే శరీర గడియారం సరిగ్గా నడుస్తుంది, రాత్రి వేళకు నిద్ర ముంచుకొస్తుంది.

మానేయాల్సిన రోజూ ఉంటుంది

పసిబిడ్డ రాత్రంతా ఏడ్చింది, రైలు ఆలస్యమైంది, ఆఫీసులో డెడ్‌లైన్... ఐదు గంటలు కూడా నిద్రలేని రోజు ఒకటి వస్తుంది. ఆ పొద్దున అలారం ఆపేసి పడుకోవడం బద్ధకం కిందికి రాదు. బరువుల జోలికి పోకుండా సాయంత్రం ఇరవై నిమిషాలు నడిస్తే చాలు. వారం మొత్తం కుదరకపోతే శని, ఆదివారాల్లో ఆ 150 నిమిషాలు పూర్తిచేసినా మేలు జరుగుతుందని ఇటీవలి పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా ఎక్కువ చేస్తే మాత్రం దెబ్బలు తగులుతాయి.

అదే వారానికి నాలుగైదు రోజులు జరుగుతుంటే సరిచేయాల్సింది జిమ్ టైమ్‌టేబుల్ కాదు, రాత్రి. పడుకునే వేళను వారానికో పావుగంట చొప్పున ముందుకు జరుపుకుంటూ పోవాలి. ఏడు గంటలు పడుకున్నా, రోజూ నడుస్తున్నా పగలు కునికిపాట్లు తప్పడం లేదా? గురక పెద్దగా వస్తోందా? అయితే అది స్లీప్ అప్నియా కావచ్చు, డాక్టరుకు చూపించుకోవాలి. జిమ్‌లో చేరిన రోజు ట్రైనర్లు బరువు చూస్తారు, నడుము కొలుస్తారు, ఏం తింటున్నారో రాసుకుంటారు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో కూడా అడిగి, దాన్నిబట్టే బ్యాచ్ ఇస్తే సగం సమస్య ఆ రోజే తీరిపోతుంది. వాళ్లు అడగకపోతే ఫీజు కట్టేముందు మనమే చెప్పాలి.